పాత వాహనంలో ఇంధన పంపు మార్పిడి: విప్పే ముందు తేల్చుకోవలసినవి, విప్పాక చేయవలసినవి

9.1 పరిచయం

నాతవరం అనకాపల్లి జిల్లాలో నర్సీపట్నం పక్కన ఉన్న మండల కేంద్రం. తాండవ జలాశయం ఈ మండలంలోనే ఉంది. ఇక్కడి నుంచి నర్సీపట్నం చేరి ఘాట్ రోడ్డు పడితే లంబసింగి మీదుగా చింతపల్లి వెళతాం. నర్సీపట్నం మైదానంలో ఉంటే, లంబసింగి సముద్రమట్టానికి దాదాపు 1000 మీటర్ల ఎత్తున ఉంది. పాత బండికి ఇంతకంటే మంచి పరీక్ష మరొకటి దొరకదు. నాతవరంలో ఒకరికి పాత పెట్రోలు అంబాసిడరో, కార్బురేటరు ఉన్న మారుతి 800 కారో ఉందనుకుందాం. ఊళ్లో, పొలాల దారిలో, నర్సీపట్నం సంతకు వెళ్లి రావడానికి అది చక్కగానే తిరుగుతుంది. మే నెల మధ్యాహ్నం ఘాట్ సగం ఎక్కేసరికి రెండుసార్లు దగ్గి ఆగిపోతుంది. అరగంట నిలిపి ఉంచితే ఏమీ జరగనట్టు మళ్లీ స్టార్టవుతుంది. ఆ సమయంలో చుట్టూ చేరినవాళ్లు చెప్పే మాట సాధారణంగా ఒకటే: "పెట్రోలు పంపు పోయింది, కొత్తది వేయించండి."

ఆ మాట నిజం కావచ్చు, కాకపోవచ్చు. పాత వాహనంలో ఇంధన పంపును మార్చడం పెద్ద కష్టమైన పని కాదు. చాలా బండ్లలో రెండు బోల్టులు, రెండు గొట్టాలు విప్పితే పంపు చేతికి వస్తుంది. పోయింది పంపేనని తేల్చుకోవడంలోనే అసలు కష్టం ఉంది. పాత మోడళ్ల విడిభాగాలు ఇప్పుడు ప్రతి దుకాణంలోనూ దొరకవు. నిక్షేపంగా ఉన్న అసలు పంపును పారవేసి, దాని స్థానంలో నాసిరకం పంపు బిగించుకున్న వాహనాలు తక్కువేమీ కావు. లోపం వేరే చోట ఉంటే ఆ కొత్త పంపుతోనూ బండి మళ్లీ అదే మలుపు దగ్గర ఆగుతుంది. అందువల్ల ఈ భాగంలో పంపు మార్చే పద్ధతి కంటే లోపాన్ని గుర్తించే పద్ధతికే ఎక్కువ చోటు ఇస్తున్నాం.

గమనిక: పెట్రోలు ఆవిరి గాలికంటే బరువైనది. అది పైకి పోకుండా నేల మీద, గుంతల్లో, గ్యారేజీ పిట్‌లో పేరుకుంటుంది. పెట్రోలు సున్నాకు ఎంతో దిగువన ఉన్న ఉష్ణోగ్రతలో కూడా అంటుకోగల ఆవిరిని ఇస్తుంది. కాబట్టి ఇక్కడ చెప్పే ఏ పరీక్షనైనా ఆరుబయట, ఇంజను చల్లారిన తరువాతే చేయాలి. దగ్గర్లో బీడీ, సిగరెట్టు, పొయ్యి, వెల్డింగు ఉండకూడదు. పొడి రసాయనం ఉన్న అగ్నిమాపక సిలిండరు గానీ, కనీసం ఒక బకెట్టు ఇసుక గానీ చేతికి అందేలా పెట్టుకోవాలి. మండుతున్న పెట్రోలు మీద నీళ్లు పోస్తే పెట్రోలు నీటి మీద తేలి మంటను మరింత దూరం మోసుకుపోతుంది.

9.2 పంపు ఎందుకు వచ్చింది?

మొదటి కార్లలో చాలావాటికి ఇంధన పంపు లేదు. ఇంజను కంటే ఎత్తులో ట్యాంకు పెట్టేవారు, పెట్రోలు తన బరువుతోనే కిందికి దిగేది. 1908 నుంచి 1927 వరకు తయారైన ఫోర్డ్ మోడల్ టీ కారు ఇలాంటిదే. దాని ట్యాంకు సీటు కింద ఉండేది. నిటారుగా ఉన్న ఎత్తు ఎక్కేటప్పుడు ముందు భాగం పైకి లేచి కార్బురేటరు ట్యాంకు కంటే ఎత్తుకు పోయేది, పెట్రోలు అందేది కాదు. ట్యాంకులో పెట్రోలు తక్కువగా ఉంటే డ్రైవర్లు కారును వెనక్కి తిప్పి రివర్సు గేరులో కొండ ఎక్కేవారు. లంబసింగి ఘాట్‌ను అలా ఎక్కడం ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ట్యాంకును కారు వెనుక భాగంలో, కిందికి అమర్చడం మొదలయ్యాక పెట్రోలును పైకి లాగే సాధనం తప్పనిసరి అయింది. 1920ల చివర్లో వచ్చిన డయాఫ్రం పంపు ఆ పని చేసింది. దశాబ్దాలపాటు దాని నిర్మాణం దాదాపు మారలేదు. కార్బురేటరు ఉన్న మన పాత పెట్రోలు కార్లలో ఎక్కువగా కనిపించేది ఈ రకమే. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800 కార్బురేటరు మోడళ్లలోనూ ఇదే ఉంటుంది.

9.3 పంపు పనిచేసే విధానం

ఇంజనులోని కామ్‌షాఫ్ట్ మీద, మధ్యబిందువు కాస్త పక్కకు జరిగిన చక్రం ఒకటి ఉంటుంది. దానిని ఎక్సెంట్రిక్ అంటారు. పంపు నుంచి బయటికి వచ్చిన రాకర్ ఆర్మ్ అనే మీట ఈ చక్రానికి ఆనుకుని ఉంటుంది. కొన్ని ఇంజన్లలో ఈ రెండింటి మధ్య చిన్న కడ్డీ ఉంటుంది. చక్రం తిరిగినప్పుడు మీట కదిలి, పంపు లోపలి డయాఫ్రాన్ని కిందికి లాగుతుంది. డయాఫ్రం అంటే రబ్బరు పూత ఉన్న గుడ్డతో చేసిన పలుచని పొర. అది కిందికి దిగినప్పుడు పై గదిలో పీడనం తగ్గి, లోపలికి తెరుచుకునే వాల్వు గుండా పెట్రోలు వస్తుంది. ఎక్సెంట్రిక్ మీటను వదిలినప్పుడు డయాఫ్రం కింద ఉన్న స్ప్రింగు దాన్ని పైకి నెడుతుంది. అప్పుడు బయటికి తెరుచుకునే వాల్వు గుండా పెట్రోలు కార్బురేటరుకు పోతుంది.

ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా గమనించాలి. పెట్రోలును పీల్చేది ఇంజను బలం, నెట్టేది స్ప్రింగు బలం. కార్బురేటరు గిన్నె నిండగానే అందులోని ఫ్లోటు సూది దారిని మూసేస్తుంది. అప్పుడు డయాఫ్రం పైకి రాలేక కిందనే ఆగిపోతుంది, మీట ఖాళీగా ఆడుతుంది. అంటే ఎంత పెట్రోలు కావాలో పంపుకు ఎవరూ చెప్పనవసరం లేదు. ఖాళీ అయినంతే నింపుతుంది. దీని పీడనం కూడా స్వల్పమే, సాధారణంగా చదరపు సెంటీమీటరుకు 0.2 నుంచి 0.35 కిలోగ్రాముల వరకు ఉంటుంది. పంపును "బలంగా" చేయాలని గట్టి స్ప్రింగు వేసేవారున్నారు. దానివల్ల ఫ్లోటు సూది పీడనానికి ఆగక కార్బురేటరు పొంగుతుంది, సైలెన్సరు నల్లటి పొగ వదులుతుంది. బండి మాత్రం బలపడదు.

పంపు ఎంత పని చేయాలో ఒక చిన్న లెక్కతో చూద్దాం. కారు ఘాట్ ఎక్కేటప్పుడు లీటరుకు 6 కిలోమీటర్లే ఇస్తోందనీ, గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోతోందనీ అనుకుందాం. గంటకు 5 లీటర్లు, నిమిషానికి సుమారు 83 మిల్లీలీటర్ల పెట్రోలు కావాలి. ఇంజను నిమిషానికి 2400 సార్లు తిరుగుతుంటే కామ్‌షాఫ్ట్ అందులో సగం, అంటే 1200 సార్లు తిరుగుతుంది. 83ను 1200తో భాగిస్తే ఒక్కో తోపుకు 0.07 మిల్లీలీటరు వస్తుంది. చుక్క, చుక్కన్నర. పూర్తిగా కదిలితే డయాఫ్రం ఇంతకు ఎన్నో రెట్లు ఎక్కువ తోయగలదు. కాబట్టి పంపు కాస్త అరిగినంత మాత్రాన బండి ఆగదు. ఆగిందంటే డయాఫ్రం చిరిగి ఉండాలి, లేదా వాల్వు పాడై ఉండాలి, లేదా పంపులోకి పెట్రోలుకు బదులు గాలో ఆవిరో వస్తూ ఉండాలి. మొదటి రెండు సందర్భాల్లోనే పంపు తప్పు ఉంది.

9.4 తప్పు పంపుదేనా?

ఆగిన బండిలో ముందు తేల్చవలసింది పెట్రోలు అందడం లేదా, లేక స్పార్కు రావడం లేదా అన్నది. ఎయిర్ క్లీనరు మూత తీసి, ఇంజను ఆపి ఉంచి, కార్బురేటరు నోట్లోకి చూస్తూ యాక్సిలరేటరు తీగను చేత్తో ఒకసారి లాగండి. సన్నటి ధారగా పెట్రోలు చిమ్మితే గిన్నెలో పెట్రోలు ఉన్నట్టే. అప్పుడు లోపం ఇగ్నిషన్ వైపు వెతకాలి, పంపును ముట్టుకోనవసరం లేదు. ఈ ఒక్క నిమిషం పరీక్ష చేయకుండా పంపు విప్పడం మొదలుపెట్టేవారే ఎక్కువ.

ధార రాకపోతే ట్యాంకు మూత తెరవండి. మూతలో గాలి పోవడానికి చిన్న రంధ్రం ఉంటుంది. దుమ్ముతో, బురదతో అది పూడిపోతే పెట్రోలు తగ్గుతున్న కొద్దీ ట్యాంకులో శూన్యం ఏర్పడి, పంపు ఎంత లాగినా పెట్రోలు రాదు. మూత తీసినప్పుడు గాలి లోపలికి పోయే "సుయ్" అనే చప్పుడు వినిపించి, తరువాత బండి మామూలుగా నడిస్తే రోగం దొరికినట్టే. మందు ఒక సన్నని సూది. పాత కారుకు అసలు మూత పోయి, దుకాణంలో దొరికిన ఏదో మూత పెట్టుకున్నప్పుడు ఈ సమస్య తరచుగా వస్తుంది.

తరువాతి పరీక్ష పంపు బయటికి తోస్తున్నదా లేదా అని చూడటం. ఇగ్నిషన్ కాయిల్ వైరు విడదీసి స్పార్కు రాకుండా చేయండి. కార్బురేటరు దగ్గర గొట్టం ఊడదీసి, దాని కొసను ఒక లోహపు డబ్బాలో పెట్టండి. ఒకరు సెల్ఫ్ తిప్పుతుంటే మరొకరు గమనించాలి. పెట్రోలు ఆగి ఆగి, నాడి కొట్టుకున్నట్టు, బలంగా చిమ్మాలి. అలా చిమ్మితే పంపు బాగుంది. నీరసంగా కారితే, బుడగలతో వస్తే, అసలు రాకపోతే ఇంకా ఒక పరీక్ష మిగిలి ఉంది. నా ఉద్దేశంలో మొత్తం పాఠంలో అతి ముఖ్యమైనది ఇదే.

ట్యాంకు నుంచి పంపుకు వచ్చే గొట్టాన్ని పంపు దగ్గర విడదీయండి. పంపు పీల్చే మూతికి ఒక అడుగు కొత్త హోస్ తగిలించి, రెండో కొసను శుభ్రమైన పెట్రోలు ఉన్న చిన్న డబ్బాలో ముంచండి. డబ్బా పంపు కంటే దిగువన ఉండాలి. ఎత్తులో ఉంటే పెట్రోలు తనంతట తానే దిగుతుంది, పరీక్షకు అర్థం ఉండదు. ఇప్పుడు సెల్ఫ్ తిప్పినప్పుడు పెట్రోలు బలంగా చిమ్మితే పంపులో ఏ లోపమూ లేదు. లోపం ట్యాంకుకూ పంపుకూ మధ్య దారిలో ఉంది. ఇప్పటికీ చిమ్మకపోతే పంపును మార్చడానికి మీకు తగిన కారణం దొరికింది.

దారిలో ఏం తప్పు ఉండవచ్చు? ఫిల్టరు పూడిపోవడం అందరికీ తెలిసిందే. అంతగా తెలియనిది పీల్చే వైపు గొట్టానికి పడే పగులు. పంపు నుంచి కార్బురేటరుకు పోయే గొట్టం పగిలితే పెట్రోలు బయటికి కారుతుంది, తడి కనిపిస్తుంది, వాసన వస్తుంది. ట్యాంకు నుంచి పంపుకు వచ్చే గొట్టం పగిలితే చాలాసార్లు ఏమీ కారదు. అక్కడ లోపలి పీడనం బయటి గాలి పీడనం కంటే తక్కువ కాబట్టి గాలే లోపలికి పోతుంది. గొట్టం పైకి పొడిగా, శుభ్రంగా కనిపిస్తుంది. లోపల పంపు గాలి తాగుతూ ఉంటుంది. పదిహేనేళ్లు దాటిన బండిలో ఈ రబ్బరు ముక్కలను వంచి చూడండి. వంపు దగ్గర సన్నని గీతలు కనిపిస్తే ఆలోచించకుండా మార్చండి. పంపు ధరతో పోలిస్తే అది ఏపాటి ఖర్చు?

ట్యాంకు అడుగున పేరుకున్న తుప్పు, ఎప్పుడో పడిన ప్లాస్టిక్ ముక్క కూడా ఇలాంటి ఆట ఆడిస్తాయి. పంపు లాగుతున్నంత సేపు ఆ ముక్క గొట్టం మూతికి అతుక్కుని ఉంటుంది. బండి ఆగాక ఊడి కిందపడుతుంది. కాసేపటికి బండి మళ్లీ నడుస్తుంది. చూసేవారికి ఇది అచ్చం పంపు వేడెక్కినట్టే అనిపిస్తుంది.

ఇక వేడి సంగతి. పెట్రోలు ఒకే ఉష్ణోగ్రత దగ్గర మరిగే ద్రవం కాదు. అందులోని తేలిక భాగాలు సుమారు 35 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరగడం మొదలుపెడతాయి, బరువైనవి 200 డిగ్రీల దాకా నిలుస్తాయి. పంపు ఇంజనుకు అంటుకునే ఉంటుంది. ఘాట్ మీద తక్కువ గేరులో, తక్కువ వేగంతో ఇంజను బాగా కష్టపడుతుంది, బానెట్ కిందికి వచ్చే గాలి తక్కువ. పైగా పీల్చే వైపు పీడనం ఎలాగూ తక్కువే. 1000 మీటర్ల ఎత్తుకు చేరేసరికి బయటి గాలి పీడనమే దాదాపు పదో వంతు తగ్గుతుంది. పీడనం తగ్గితే ద్రవం మరింత త్వరగా మరుగుతుంది. ఇవన్నీ కలిసి గొట్టంలో, పంపులో పెట్రోలు ఆవిరైపోతుంది. డయాఫ్రం ఆడుతూనే ఉంటుంది కానీ ఆవిరిని నొక్కి వదలడం తప్ప ముందుకు తోయలేదు. దీనినే వేపర్ లాక్ అంటారు. పాత డ్రైవర్లు పంపు మీద తడిగుడ్డ వేసి కూర్చోవడం చాలామంది చూసే ఉంటారు. అది మూఢనమ్మకం కాదు. నీరు ఆవిరవుతూ పంపు వేడిని లాక్కుంటుంది, లోపలి ఆవిరి తిరిగి ద్రవం అవుతుంది. తడిగుడ్డతో కోలుకున్న పంపు చెడిపోయిన పంపు కాదని అర్థం చేసుకోవాలి. అలాంటి బండిలో గొట్టం ఎగ్జాస్టుకు దగ్గరగా పోతున్నదేమో, పంపుకూ ఇంజనుకూ మధ్య ఉండవలసిన బేకలైట్ ప్యాకింగు ఎవరైనా తీసేశారేమో చూడాలి.

పంపు నిజంగా చెడిపోయిందని చెప్పే గుర్తులు వేరు. పంపు అడుగున చిన్న రంధ్రం ఉంటుంది. డయాఫ్రం చిరిగినప్పుడు అక్కడి నుంచి పెట్రోలు చుక్కలుగా కారుతుంది. ఆ రంధ్రం లేని పంపుల్లోనూ, మురికితో అది మూసుకుపోయినప్పుడూ పెట్రోలు బయటికి రాక నేరుగా ఇంజను ఆయిల్ ఛాంబర్‌లోకి దిగుతుంది. అందుకే అనుమానం వచ్చినప్పుడు డిప్‌స్టిక్ లాగి చూడటం మరువకూడదు. ఆయిలు మట్టం తగ్గవలసింది పోయి పెరిగిందా? పల్చబడిందా? పెట్రోలు వాసన వస్తోందా? వీటిలో ఏది కనిపించినా ఇంజను స్టార్టు చేయకండి. పెట్రోలు కలిసిన ఆయిలు బేరింగుల మధ్య పొరగా నిలవదు. కొన్ని కిలోమీటర్లలోనే క్రాంక్ బేరింగులు అరిగిపోవచ్చు. పంపు ఖర్చుతో పోయేది ఇంజను బోరింగు పని దాకా పోతుంది. ఛాంబర్‌లో నిండిన పెట్రోలు ఆవిరి అంటుకునే ప్రమాదమూ ఉంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి: పీల్చే వైపు గొట్టానికి పగులు ఉన్నా పెట్రోలు బయటికి కారకపోవడానికి కారణమేమిటి? నాలుగు వాక్యాల్లో రాయండి.

9.5 పంపును మార్చడం

బ్యాటరీ నెగటివ్ తీగ విప్పడంతో పని మొదలవుతుంది. ట్యాంకు మూత ఒకసారి తెరిచి పీడనం వదలండి. గొట్టాలు ఊడదీసే ముందు ఏది పీల్చేదో, ఏది పంపేదో చిన్న గుర్తు పెట్టుకోండి. పంపు మీద బాణం గుర్తు ఉంటే మంచిదే, పాత పంపుల మీద మురికి కింద అది కనిపించకపోవచ్చు. ట్యాంకు నిండుగా ఉంటే గొట్టం ఊడదీయగానే పెట్రోలు కారడం మొదలవుతుంది. గొట్టం కొసలో బోల్టు ఒకటి దూర్చి క్లిప్పు బిగించండి.

పెట్రోలు తీయవలసి వస్తే గొట్టం నోట్లో పెట్టి పీల్చకండి. మన పల్లెల్లో ఇది మామూలైపోయింది, కానీ మామూలైనంత మాత్రాన ప్రమాదం తగ్గలేదు. కొద్దిపాటి పెట్రోలు ఊపిరితిత్తుల్లోకి జారినా తీవ్రమైన రసాయన న్యుమోనియా వస్తుంది. మింగినవారికి వాంతి చేయించకూడదు. వాంతి అయ్యేటప్పుడే అది ఊపిరితిత్తుల్లోకి పోయే అవకాశం ఎక్కువ. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. చేత్తో నొక్కే చిన్న సైఫన్ పంపు విడిభాగాల దుకాణాల్లో తక్కువ ధరకే దొరుకుతుంది.

బోల్టులు రెండింటినీ కొంచెం కొంచెంగా మార్చి మార్చి వదులు చేయండి. లోపలి స్ప్రింగు పంపును బయటికి నెడుతూ ఉంటుంది కాబట్టి ఒకటి పూర్తిగా తీసి రెండోది అలాగే ఉంచితే అంచు విరగవచ్చు. పంపు బయటికి వచ్చాక ఇంజనుకు ఉన్న రంధ్రంలో శుభ్రమైన గుడ్డ కుక్కి, తరువాతే పాత ప్యాకింగును గీకండి. గుడ్డ లేకుండా గీకితే ముక్కలు ఆయిల్ ఛాంబర్‌లో పడతాయి. పని అయ్యాక ఆ గుడ్డ తీయడం మరవకండి.

పాత పంపునూ కొత్త పంపునూ పక్కపక్కన పెట్టి చూడండి. మీట పొడవు, వంపు, బోల్టు రంధ్రాల దూరం, గొట్టపు మూతుల దిశ ఒకేలా ఉండాలి. మీట రెండు మిల్లీమీటర్లు పొట్టిగా ఉన్నా డయాఫ్రం పూర్తిగా కదలదు. పొడవుగా ఉంటే ఎక్సెంట్రిక్ దాన్ని తన్ని విరగ్గొడుతుంది. ప్యాకింగు మందం కూడా అంతే ముఖ్యం. పంపుకూ ఇంజనుకూ మధ్య అదనంగా ప్యాకింగు వేస్తే మీట దూరమై కదలిక తగ్గుతుంది. బేకలైట్ దిమ్మ తీసేస్తే మీట మీద భారం పెరుగుతుంది, వేడి కూడా నేరుగా పంపుకు ఎక్కుతుంది. తీసినవి ఏ వరసలో ఉన్నాయో ఆ వరసలోనే పెట్టండి.

బిగించేటప్పుడు మీట కొసకు కాస్త ఇంజను ఆయిలు రాసి, అది ఎక్సెంట్రిక్‌కు సరైన వైపున ఆనేలా లోపలికి పోనివ్వండి. పంపు అంచు చేత్తో నొక్కితేనే దాదాపు పూర్తిగా ఇంజనుకు ఆనాలి. ఆనకపోతే ఎక్సెంట్రిక్ ఎత్తు వైపు మీటకు ఎదురుగా ఉందని అర్థం. ఇంజనును చేత్తో ఒక చుట్టు తిప్పితే కామ్‌షాఫ్ట్ అరచుట్టు తిరిగి పల్లపు వైపు వస్తుంది, పంపు సులభంగా కూర్చుంటుంది. ఈ పని చేయకుండా బోల్టులతోనే లాగి బిగించేవారు కొత్త పంపును మొదటి రోజే విరగ్గొట్టుకుంటారు. బోల్టులను మళ్లీ మార్చి మార్చి బిగించండి. గొట్టాలకు పాత క్లిప్పులు వద్దు, కొత్తవి వేయండి.

గొట్టాలు, పంపు ఖాళీగా ఉన్నాయి కాబట్టి ఇంజను వెంటనే స్టార్టు కాదు. కొన్ని పంపులకు చేత్తో కొట్టడానికి చిన్న మీట ఉంటుంది, దానితో గిన్నె నింపవచ్చు. లేనివాటిలో పది సెకన్లు సెల్ఫ్ తిప్పి, అరనిమిషం ఆగి, మళ్లీ తిప్పాలి. తొందరపడి కార్బురేటరు నోట్లో పెట్రోలు పోసి స్టార్టు చేయడం రోడ్ల మీద తరచుగా కనిపించే అలవాటు. ఇంజను ఒక్కసారి ఎదురు తన్నితే కార్బురేటరు నోట్లోంచి మంట వస్తుంది, చేతిలో పెట్రోలు సీసా ఉంటుంది. అలాగే బానెట్ కిందో, పైనో పెట్రోలు డబ్బా వేలాడదీసి నేరుగా కార్బురేటరుకు గొట్టం పెట్టి ఊరు చేరే పద్ధతి. పంపు లేని రోజుల్లోని ఏర్పాటే ఇది, కాకపోతే అప్పటి ట్యాంకు గట్టిగా బిగించి ఉండేది. ఇప్పుడు ఊగుతున్న డబ్బా వేడి ఎగ్జాస్టు పక్కన ఉంటుంది. ఘాట్ మీద చిక్కుకున్నా సరే, బండిని తాడు కట్టి లాగించుకోవడమే మేలు.

ఇంజను నడిచాక అయిదు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ప్రతి అతుకునూ టార్చిలైటుతో చూడండి. పాత పంపు డయాఫ్రం చిరిగి ఉంటే ఆయిలు, ఆయిలు ఫిల్టరు మార్చిన తరువాతే ఈ దశకు రావాలి.

9.6 డీజిలు జీపుల విషయం

ఏజెన్సీ దారుల్లో తిరిగే పాత మహీంద్రా జీపుల్లో ఎక్కువ భాగం డీజిలువి. వీటిలో "పంపు" అనే మాట రెండు వేరు వేరు భాగాలకు వాడుతుంటారు, అక్కడే డబ్బు వృథా అవుతుంది. ట్యాంకు నుంచి డీజిలును తెచ్చేది ఫీడ్ పంపు. దాన్ని అత్యధిక పీడనంతో ఇంజెక్టర్లకు పంపేది ఎఫ్.ఐ. పంపు. దీన్ని మెకానిక్కులు ఇప్పటికీ మైకో పంపు అనే పిలుస్తారు. 1951లో బెంగళూరులో మొదలైన మైకో కంపెనీ 2008లో బాష్ లిమిటెడ్‌గా పేరు మార్చుకున్నా ఆ పేరు పోలేదు. ఫీడ్ పంపులో అరిగేవి చిన్న వాల్వులు, స్ప్రింగులు, వాషర్లు. ఎఫ్.ఐ. పంపు విప్పితే ప్రత్యేక యంత్రం మీద కాలిబ్రేషన్ చేయించాలి, ఖర్చు ఎన్నో రెట్లు. బండి లాగడం లేదంటే ముందు ఫిల్టర్లు, తరువాత పీల్చే గొట్టం, ఆపైన ఫీడ్ పంపు చూడాలి. డీజిలు దారిలో కొద్దిపాటి గాలి చేరినా ఇంజను ఆగుతుంది. అందువల్ల ఏ అతుకు విప్పినా ఫీడ్ పంపు మీది చేతి ప్రైమరు కొడుతూ, ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, బుడగలు లేని డీజిలు వచ్చేదాకా ఎయిర్ తీయాలి.

9.7 రబ్బరు, ఇథనాల్, కొత్త పంపు ఎంపిక

పాత పంపును పూర్తిగా మార్చాలా, డయాఫ్రం కిట్ వేస్తే సరిపోతుందా అన్నది పంపు నిర్మాణాన్ని బట్టి ఉంటుంది. చుట్టూ స్క్రూలతో బిగించిన పంపును విప్పి కిట్ వేయవచ్చు. అంచులు నొక్కి మూసిన పంపును విప్పలేం, కొత్తది కొనవలసిందే. స్క్రూల పంపు ఉన్నవారికి నా సలహా కిట్టే. పాత పోత లోహపు డొల్ల చాలాసార్లు కొత్త నకలు పంపు కంటే గట్టిగా ఉంటుంది.

అయితే ఆ కిట్‌లోని రబ్బరు ఏ కాలానిది అన్నది ఇప్పుడు ముఖ్యమైన ప్రశ్న. మన దేశంలో పెట్రోలులో ఇథనాల్ కలిపే కార్యక్రమం 2003లో మొదలైంది. 2022 నాటికి కలిపే వాటా 10 శాతానికి చేరింది. 20 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలు 2023 ఫిబ్రవరిలో కొన్ని బంకుల్లో అమ్మకానికి వచ్చి, 2025 నాటికి దేశమంతా సాధారణమైంది. 2023 ఏప్రిల్ నుంచి తయారైన వాహనాల్లో గొట్టాలు, సీళ్లు దీనికి తట్టుకునేలా చేస్తున్నారు. 1985లోనో 1995లోనో తయారైన కారు పంపులోని డయాఫ్రం ఈ పెట్రోలును దృష్టిలో పెట్టుకుని చేసింది కాదు. ఇథనాల్ కొన్ని రకాల పాత రబ్బరును ఉబ్బిస్తుంది, మెత్తబరుస్తుంది. బండి నెలల తరబడి నిలిచి లోపల ఎండిపోయినప్పుడు అదే రబ్బరు గట్టిపడి పగులుతుంది. ఇథనాల్ ట్యాంకు గోడలకు పట్టిన పాత జిగురు మడ్డిని కూడా కరిగిస్తుంది, అది ఫిల్టరుకు చేరుతుంది. నీటిని పీల్చుకునే గుణం కూడా దీనికి ఉంది. తేమ ఎక్కువైతే నీరూ ఇథనాలూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరి తుప్పు పట్టిస్తాయి.

ఊళ్లో తక్కువగా తిరిగే పాత కారుకు ఇది ఎక్కువ వర్తిస్తుంది. అలాంటి కారు ఉన్నవారు కిట్ గానీ, గొట్టం గానీ కొనేటప్పుడు ఇథనాల్‌కు తట్టుకునే రకమా అని అడిగి, ప్యాకెట్టు మీద ఆ మాట ఉన్నదే తీసుకోవాలి. ఏళ్ల తరబడి దుకాణం అటక మీద పడి ఉన్న అసలు కంపెనీ డయాఫ్రం కంటే, ఈ రకానికి చెందిన కొత్త డయాఫ్రమే నయం. పంపు మార్చిన తరువాత మొదటి రెండు మూడు ట్యాంకుల పెట్రోలు అయ్యేవరకు ఫిల్టరును తరచుగా చూస్తూ ఉండాలి.

అభ్యాసం

1. ఆరుబయట, నీడలో, కొలత గీతలున్న పొడవాటి గాజు పాత్రలో 20 మిల్లీలీటర్ల నీరు, దాని మీద 100 మిల్లీలీటర్ల పెట్రోలు పోయండి. మూత పెట్టి నెమ్మదిగా కలిపి, మూత ఒకసారి వదులు చేసి, పది నిమిషాలు కదపకుండా ఉంచండి. అడుగు పొర ఎన్ని మిల్లీలీటర్లకు పెరిగింది? పెరిగిన భాగం ఏమిటి? మీ బంకులో అమ్మే పెట్రోలు గురించి దీని నుంచి ఏం చెప్పగలరు? పరీక్షకు వాడిన ద్రవాన్ని కాలువలో గానీ, నేల మీద గానీ పారబోయకండి.

2. ఒక కారు లీటరుకు 15 కిలోమీటర్లు ఇస్తూ గంటకు 60 కిలోమీటర్ల వేగంతో మైదానంలో పోతోంది. ఇంజను నిమిషానికి 3000 సార్లు తిరుగుతోంది. పంపు ఒక్కో తోపుకు ఎన్ని మిల్లీలీటర్లు పంపుతోంది? 9.3లోని ఘాట్ లెక్కతో పోల్చండి.

3. ఒక కారు ఘాట్ మీద ఆగింది. ట్యాంకు మూత తీసినా స్టార్టు కాలేదు. పంపు మీద తడిగుడ్డ వేసిన పావుగంటకు స్టార్టయింది. డిప్‌స్టిక్ మీద ఆయిలు మట్టం మామూలుగానే ఉంది. పంపు మార్చమని సలహా ఇస్తారా? కారణాలతో రాయండి.